బొటనవేలంత దూరం

వాతావరణ కేంద్రంలో ఆవిడని మార్కులమ్మ అంటారు. పెట్టినవాళ్ళెవరో గానీ అంతకంటే అతికే పేరు ఇంకోటి దొరకదు. శాటిలైట్ నుంచి ఏ కొత్త రకం బొమ్మ వచ్చినా, దాన్ని రోజువారీ డ్యూటీలో వాడొచ్చా కూడదా అని తేల్చే పని ఆవిడది. పొద్దున్నే కూర్చుని, నిన్న బొమ్మ ఏం చెప్పింది, నిజంగా ఏం జరిగింది, రెండూ పక్కపక్కన పెట్టుకుని ఐదుకి ఇన్ని అని మార్కులు వేస్తుంది. మబ్బుని ఉన్నచోటే చూపించిందా? ఎంత ముందుగా చూపించింది? లేని వానని ఉన్నట్టు చూపించి కంగారు పెట్టిందా? మరీ అందంగా ఉండే బొమ్మలంటే ఆవిడకి ఒళ్ళుమంట. "రంగులు చూసి మురిసిపోడానికి ఇది బట్టల కొట్టా?" అంటుంది.

ఆ నెల పరీక్షలో ఉన్నది, అంటే డ్యూటీవాళ్ళందరూ వాడి చూస్తున్నది, పిడుగుల మబ్బుల బొమ్మ. కొండల వెనక లోయల్లో ఏం జరుగుతోందో రాడార్‌కి తెలియదు, కొండ అడ్డం. అక్కడ పైనుంచి చూసే శాటిలైటే దిక్కు. ఏ మబ్బు కాసేపట్లో కుండపోతగా మారబోతోందో ఈ కొత్త బొమ్మ ముందే ఎర్రగా చూపిస్తుంది. ఉంచాలా, వద్దా అన్నది నెలాఖరు లోపల ఆవిడ చెప్పాలి. మార్కుల దగ్గర ఆవిడ మహా పిసినారి, అయినా ఈ బొమ్మ విషయంలో చెయ్యి కాస్త ధారాళంగానే ఆడింది. అలాంటి సమయంలో ఆ గురువారం జరిగింది.

గురువారం మధ్యాహ్నం ఉత్తరం లోయలో ఉన్నట్టుండి కుండపోత కురిసింది. ఎండిపోయిన వాగులో కల్వర్టుకి కాంక్రీటు పోస్తున్నవాళ్ళ మీదకి ఎగువనుంచి నీళ్ళు వచ్చిపడ్డాయి. నలుగురు పోయారు. ముగ్గురు కూలీలు, ఒక మేస్త్రీ. కేంద్రం నుంచి ఫోన్లకి హెచ్చరిక వెళ్ళింది, నిజమే. కానీ వెళ్ళింది కొండ అవతల ఉన్న దక్షిణం లోయకి. అక్కడ ఒక్క చినుకు పడలేదు.

సోమవారం పొద్దున డైరెక్టరు ఆవిడ సీటు దగ్గరికి వచ్చాడు. డైరెక్టరు చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఇకమీద ఆయన చేసేవి చూస్తే అలా అనిపించకపోవచ్చు.

"గురువారం కేసు తేల్చెయ్యమ్మా," అన్నాడు. "బొమ్మ మబ్బుని తప్పుచోట చూపించింది, అందుకని హద్దు తప్పు లోయ మీద పడింది. స్థానానికి సున్నా. బొమ్మ వద్దు. అయిపోయింది."

"చూడకుండా సున్నా ఎలా వేస్తానండీ?"

"చూడు. చూసే వెయ్యి. చూడొద్దని నేనన్నానా?" అంటూ కిటికీ పక్క సీటు వైపు ఓరగా చూశాడు.

కిటికీ పక్క బొటనవేలు మాస్టారు కూర్చుని ఉన్నారు. గురువారం డ్యూటీ ఆయనది, హద్దు గీసింది ఆయన చెయ్యి. హద్దు అంటే, మ్యాపు మీద మౌసుతో గీసే నాలుగు గీతలు. ఆ గీతల లోపలున్న ఫోన్లన్నీ ఒక్కసారిగా గట్టిగా మోగుతాయి, బయటున్నవి మోగవు. అంతే విషయం. శుక్రవారం నుంచి ఆయన టిఫిన్ డబ్బా తెచ్చుకుంటున్నారు, మూత తీయకుండానే ఇంటికి తీసుకుపోతున్నారు.

ఆయనకి ఆ పేరు రావడానికి కారణం ఉంది. శాటిలైట్ మన నెత్తి మీద ఉండదు. ఎక్కడో దక్షిణాన, చెప్పలేనంత దూరాన ఉండి ఏటవాలుగా చూస్తుంది. మేడ మీద నుంచి ఏటవాలుగా చూస్తే పొడుగాటి మనిషి తల అవతలి గోడకి అతుక్కున్నట్టు కనపడుతుంది చూడండి, పొడుగాటి మబ్బు సంగతీ అంతే. బొమ్మలో అది ఉన్నచోట కాకుండా కాస్త ఉత్తరంగా పడుతుంది. అందుకని మాస్టారు స్క్రీన్ మీద మబ్బు కింద బొటనవేలు అడ్డంగా ఆనించి, వేలి మందం ఎంతో అంత కిందికి జరిపి హద్దు గీస్తారు. పుస్తకాల్లో దీనికి పెద్ద లెక్క ఉంది. ఆ లెక్క కట్టి చూసినా వచ్చేది ఆయన వేలంతే. కేంద్రంలో డ్యూటీ చేసే ప్రతివాళ్ళూ ఆ వేలి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే, మార్కులమ్మతో సహా. ఆయన స్క్రీన్ మీద ఎప్పుడూ వేలి జిడ్డు ఉంటుంది, తుడిచే మనిషి సణుక్కుంటూ తుడుస్తాడు.

ఆవిడ కేసు తెరవబోతూ ఉండగా కింద నుంచి సెక్యూరిటీ ఫోన్ చేశాడు. ఎవరో ఒకామె వచ్చింది, వెళ్ళమంటే వెళ్ళడం లేదు, మెసేజులు పంపేవాళ్ళతో మాట్లాడాలంటోంది అన్నాడు. గదిలో అందరూ ఒక్కసారిగా తలలు వంచుకుని మహా బిజీ అయిపోయారు. మార్కులమ్మ లేచింది.

ఇనప బెంచీ చివర ఆమె కూర్చుని ఉంది. ఏడుస్తూ వచ్చిన మనిషి కాదు. ఏదో కొట్టుకి ధర కనుక్కోవడానికి వచ్చినట్టు తిన్నగా కూర్చుంది.

"ఫోన్లకి మెసేజులు పంపేది ఇక్కడేనా అమ్మా?"

"ఇక్కడే."

"నేను మేస్త్రీ భార్యని. వాగులో పోయిన మేస్త్రీ. గురువారం మా ఆయన ఫోనుకి మీ మెసేజ్ వచ్చిందా, రాలేదా? ఆ ఒక్క ముక్కా చెప్పండి, వెళ్ళిపోతాను."

మార్కులమ్మ పక్కన కూర్చుంది. టీ తెప్పించింది. ఆమె గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

"పనివాళ్ళు ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారని కాంట్రాక్టరు రూలు పెట్టాడమ్మా. పనిలోకి దిగేముందు అందరి ఫోన్లూ మా ఆయన సంచిలో వేసెయ్యాలి. సంచి ఆయన భుజానికే ఉంటుంది. మోగితే ముందు ఆయనకే వినపడాలి. ఇప్పుడు కాంట్రాక్టరేమంటున్నాడు? మెసేజ్ వచ్చింది, కాంక్రీటు మధ్యలో ఆపితే పాడైపోతుందని మేస్త్రీయే ఎవరికీ చెప్పలేదు అంటున్నాడు. టీవీలో మీ పెద్దసారు కూడా పంపామన్నాడు. ఇంక నా మాట ఎవరు వింటారు?"

టీవీలో డైరెక్టరు అన్నది, 'ఆ ప్రాంతానికి ముందుగానే హెచ్చరిక పంపాం' అని. ప్రాంతం అంటే అందులో రెండు లోయలూ వస్తాయి కాబట్టి అది అబద్ధం కాదు. నిజమూ కాదు. మార్కులమ్మ ఆ రోజు టీవీ ముందే ఉంది, విని ఊరుకుంది.

"ఆ ముగ్గురూ మా వీధివాళ్ళేనమ్మా. ఆయనే పనిలో పెట్టాడు," అంది ఆమె. "ఎదురింటి పెద్దమ్మకి ఒక్కడే కొడుకు. నా పెళ్ళైన కొత్తల్లో నాకు వంట రాకపోతే ఆ పెద్దమ్మే మా ఇద్దరికీ వండి పంపేది. ఇప్పుడు నేను కుళాయి దగ్గరికి వెళ్తే సగం నిండిన బిందె ఎత్తుకుని పోతోంది. నిన్న మా గుమ్మం ముందు నిలబడి దుమ్మెత్తి పోసింది. నీ మొగుడు నా కొడుకుని బస్తా సిమెంటుకి బలిపెట్టాడే అంది. మా ఆయన మంచివాడని నేను చెప్పను. మొండి మనిషి. నాతో పోట్లాట వస్తే రెండు రోజులు మాట్లాడడు. కానీ మబ్బు పడితే మాత్రం ముందు మనుషుల్ని గట్టు ఎక్కించేవాడమ్మా. పని తరవాత."

మెసేజ్ ఉత్తరం లోయకి వెళ్ళలేదని మార్కులమ్మకి తెలుసు. అక్కడే, ఆ బెంచీ మీదే చెప్పెయ్యొచ్చు. ఒక్క ముక్క. నోరు తెరిచింది కూడా.

"కేసు పరిశీలనలో ఉందమ్మా," అంది.

ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు ఆవిడకే రోత పుట్టింది. మేస్త్రీ భార్యకి మాత్రం ఆశ్చర్యమేమీ కలగలేదు. నాలుగు రోజులుగా అన్ని ఆఫీసుల్లోనూ అదే విని ఉంటుంది.

"నేను చూసి చెప్తాను," అంది మార్కులమ్మ గబగబా. "నేనే మీ ఇంటికి వచ్చి చెప్తాను. ఇల్లెక్కడ?"

ఆమె వీధి చెప్పింది. "మేస్త్రీ ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు," అంటూ లేచింది. "ఇప్పుడింకా బాగా చూపిస్తారు."

పైకి వచ్చి మార్కులమ్మ కేసు తెరిచింది. గురువారం బొమ్మలు ఒక్కొక్కటీ వరసగా పెట్టింది. ఉత్తరం లోయలో వాన కొలిచే డబ్బా ఒకటుంది, దాని లెక్క పక్కన పెట్టింది. పిడుగులు పడిన చోట్లు చుక్కలుగా పరిచింది. వాగు పొంగిన వేళ రాసుకుంది. అప్పుడు బొమ్మని వెనక్కి జరుపుకుంటూ పోయింది. తెల్ల మబ్బు, బూడిద మబ్బు, మళ్ళీ తెల్ల మబ్బు. ఒకచోట చిన్న ఎర్ర మచ్చ కనపడింది. వాగు పొంగడానికి చాలా ముందు. మనుషులు గట్టెక్కి, టీ కాచుకుని, తాగి, గ్లాసులు కడుక్కోవడానికి సరిపోయేంత ముందు. మచ్చ ఎక్కడుంది? ఉత్తరం లోయ మీద. పిడుగుల చుక్కలు దాని మీదే, వాన డబ్బా దాని కిందే. వంక పెట్టడానికి లేదు.

బొమ్మ తప్పు చెప్పలేదు. ఇన్నేళ్ళ మార్కుల్లో ఇంత కచ్చితమైన జవాబు ఆవిడ చూడలేదు.

పంపిన హద్దుని తెచ్చి దాని మీద పరిచింది. నాలుగు గీతలూ దక్షిణం లోయ మీద, ఎంతో శ్రద్ధగా, కొండ వంపు ఎలా తిరిగితే అలా తిరిగి ఉన్నాయి. తొందరపడి గీసినవి కావు. మచ్చకీ గీతలకీ మధ్య ఖాళీ ఉంది. ఈ ఖాళీ ఎక్కడ్నుంచి వచ్చింది? ఆవిడ కుర్చీ ముందుకి లాక్కుంది. అలవాటుగా, ఆలోచించకుండానే, బొటనవేలు అడ్డంగా తీసుకెళ్ళి ఆ ఖాళీలో పెట్టింది. సరిపోయింది.



ఈ కొత్త బొమ్మ పాతవాటిలా కాదు. ఏటవాలు చూపు వల్ల వచ్చే తేడాని తయారుచేసినవాళ్ళే లెక్కకట్టి, మబ్బుని దాని అసలు చోటికి జరిపి పంపుతున్నారు. బొమ్మ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'స్థానం సరిచేసినది' అని రాసి ఉంటుంది. మాస్టారు జరిపిన మబ్బుని మళ్ళీ జరిపారు. పని రానివాడు చేసే తప్పు కాదది. వేలు ఆనించడం తెలియని కొత్తవాడైతే ఉన్నది ఉన్నట్టు గీసేవాడు, నలుగురూ సాయంత్రానికి ఇళ్ళకి చేరేవారు.

ఇంతమంది వాడుతున్నారు, ఈయనొక్కరే ఎందుకు జరిపారు? ఆ ప్రశ్నకి జవాబు ఆవిడ దగ్గరే ఉంది. పరీక్ష మొదలైన రోజు ఆవిడే సీటు సీటుకీ తిరిగి చెప్పింది, ఈ బొమ్మకి వేలు పెట్టకండి, ముందే సరిచేసి వస్తోంది అని. మాస్టారు ఆ వారం సెలవు. భార్యకి కంటి ఆపరేషన్. తిరిగొచ్చిన రోజు ఆవిడ టీ గ్లాసుతో ఆయన కుర్చీ పక్కన నిలబడింది. "కొత్త బొమ్మ చూశారా మాస్టారూ?" అంది. "చూశానమ్మాయ్, దివ్యంగా ఉంది," అన్నారాయన. మిగతా మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆయనకి నేను చెప్పడమేమిటి, తాతకు దగ్గులు నేర్పినట్టు ఉంటుంది అనుకుని మింగేసింది. ఆ తరవాత ఆయన డ్యూటీల్లో అంత పొడుగాటి మబ్బు ఒక్కటీ పుట్టలేదు, గురువారం దాకా.

మార్కులమ్మ బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు దండెం మీది బట్టలు తీస్తోంది. "ఇంట్లో వాతావరణం కోడలుందని పేరే గానీ, నా బట్టలు తడవని రోజు లేదు," అంది ఎప్పటిలాగే. అది రోజూ ఉండే హాస్యం. రోజూ మార్కులమ్మ ఏదో ఒకటి అంటించేది. ఆ రోజు అనలేదు. అత్తగారు బట్టలు మంచం మీద పడేసి, కోడలి మొహం చూసి, ఏమైందని అడిగింది. ఆవిడ చెప్పింది. ఏదీ దాచకుండా, మింగేసిన మాటతో సహా.

అత్తగారు చొక్కా మడతపెడుతూ విన్నది. "మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉందిలే, కోడలి ముందు అనకూడదు," అంది. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. అత్తగారే మళ్ళీ, "మరి ఆఫీసుకొచ్చిన ఆ పిల్లకి చెప్పావా?" అంది.

"రిపోర్టులో రాస్తానత్తయ్యా. ఉన్నదున్నట్టు రాస్తాను."

"ఆ పిల్ల చదువుతుందా నీ రిపోర్టు?"

అత్తగారు ఇంకో చొక్కా తీసుకుంది.

మంగళవారం డైరెక్టరు గదిలో ఆవిడ నిలబడే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు. డైరెక్టరు రిపోర్టు చదివాడు. స్థానం: ఐదుకి ఐదు. ముందుగా చూపడం: ఐదుకి ఐదు. హద్దు తప్పడానికి కారణం: సరిచేసిన బొమ్మని చేతితో మళ్ళీ జరపడం, జరపకూడదని డ్యూటీ అధికారికి పరీక్ష నిర్వాహకురాలు చెప్పకపోవడం. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ పేరు కూడా రాసుకున్నావే."

"నా తప్పు కూడా ఉందండీ."

"ఆ వేలు ఇన్నేళ్ళలో ఎంతమందిని కాపాడిందో లెక్కుందా నీ దగ్గర?" ఆయన కూడా ఆ వేలి దగ్గర నేర్చుకున్నవాడే. "బొమ్మకి నోరు లేదు. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. నింద దాని మీదకి పోతే ఎవరికి నష్టం?"

"దాన్ని పక్కన పడేస్తే ఆ లోయల్లోవాళ్ళకి నష్టం. వాళ్ళకి రాడార్ లేదు. ఇదొక్కటే ఉంది."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే. నీ మార్కులు నీవి. బొమ్మ ఉంటుంది. డ్యూటీలో అందరికీ మళ్ళీ శిక్షణ ఇద్దాం. ఈ కారణం సంగతి మాత్రం లోపలి కాగితాల్లోనే ఉండనీ. మాస్టారుని నేను చూసుకుంటాను, నిన్నూ చూసుకుంటాను. బయటికి మాత్రం టీవీలో చెప్పిందే మన మాట."

బొమ్మ గెలిచింది. మాస్టారు బతికిపోయారు. తనూ బతికిపోయింది. ఆవిడకి ఒక్క క్షణం ఒళ్ళంతా తేలికైపోయింది, దాచడమెందుకు. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"మరి మేస్త్రీ?" అంది.

"ఏ మేస్త్రీ?" అన్నాడు డైరెక్టరు.

కావాలని అన్నది కాదు. నిజంగానే ఆయనకి తట్టలేదు.

ఆవిడ తిన్నగా కిటికీ పక్క సీటు దగ్గరికి వెళ్ళింది. "మాస్టారూ, ఒక్కసారి నా సీటు దగ్గరికి వస్తారా?" అంది. ఆయన వచ్చి కూర్చున్నారు. బొమ్మా, హద్దూ రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టే ఉన్నాయి. ఆయన చూశారు. చెయ్యి తనంతట తనే లేచి మచ్చ కిందికి వెళ్ళింది. వేలు హద్దుని తాకింది.

"సరిగ్గానే గీశానే," అన్నారు.

ఆవిడ అడుగున ఉన్న అక్షరాలు చూపించింది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, మొహం స్క్రీన్‌కి దగ్గరగా పెట్టి, చిన్నపిల్లలు చదివినట్టు పైకి చదివారు. "స్థానం... సరిచేసినది."

ఆయన ఆ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. దాని మీద రెండో చెయ్యి పెట్టారు.

"ఎప్పట్నించీ?"

"మొదట్నించీనండీ."

"అందరికీ తెలుసా?"

"తెలుసు. మీకొక్కరికే... నేనే చెప్పలేదు మాస్టారూ. మీకు చెప్పడానికి నోరు రాలేదు. గౌరవం అనుకున్నాను."

"గౌరవం," అన్నారాయన. కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది. "గురువారం నించీ బొమ్మని తిడుతున్నానమ్మాయ్. కొత్త బొమ్మ మోసం చేసిందని ఇంట్లో మా ఆవిడతో కూడా చెప్పాను. ఆవిడ నమ్మింది. నేనేం చెప్పినా నమ్ముతుంది ఆవిడ." కుర్చీ ఆవిడ వైపు తిప్పుకున్నారు. "నిన్న కిందికి ఎవరో వచ్చిందన్నారు. ఎవరు?"

ఆవిడ చెప్పింది. సంచి సంగతి, ఫోన్ల సంగతి, ఎదురింటి పెద్దమ్మ సంగతి. డైరెక్టరు మాట కూడా చెప్పింది. మాస్టారు చివరిదాకా విని లేచారు. కుర్చీకి తగిలించిన సంచి తీసి భుజాన వేసుకున్నారు.

"ఆయన టీవీలో చెప్పాడు. నేను వీధిలో చెబుతాను."

"ఉద్యోగం మీదకి వస్తుంది మాస్టారూ."

"రానీ. నువ్వు రాకు. నీకింకా బోలెడు సర్వీసుంది."

"దారి నాకే తెలుసు," అంటూ ఆవిడ చెప్పులు వేసుకుంది.

బస్సెక్కారు. ఆకాశం మబ్బు లేకుండా ఉంది. అలవాటుకొద్దీ ఇద్దరూ కిటికీలోంచి ఆకాశమే చూస్తూ కూర్చున్నారు. మలుపులో కొట్టువాణ్ణి అడిగితే, చెయ్యి ఎత్తకుండా గడ్డంతో చూపించాడు మేస్త్రీ ఇల్లు.

తలుపు వారగా వేసి ఉంది. మేస్త్రీ భార్య గడప మీద కూర్చుని తాపీకి అంటుకుని గట్టిపడ్డ సిమెంటుని చాకుతో గీరుతోంది. వీళ్ళని చూసి లేచింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

మాస్టారు దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నట్టున్నారు. తీరా నిలబడ్డాక ఉన్నదంతా ఒక్కసారే చెప్పేశారు. "మీ ఆయన ఫోను మోగలేదమ్మా. మోగాల్సింది. మోగించాల్సినవాణ్ణి నేను. పక్క లోయలో మోగించాను. తప్పు నాది."

"నాది కూడా," అంది మార్కులమ్మ. "ఆయనకి చెప్పాల్సిన మాట నేను చెప్పలేదు."

ఆమె ఇద్దరి మొహాల్లోకీ చూసింది. తాపీ గోడకి ఆనించింది. ఏడుస్తుందనుకున్నారు, తిడుతుందనుకున్నారు, తిట్టడానికి సిద్ధపడే వచ్చారు.

"ఇది నాకెందుకు చెప్తున్నారు?" అంది ఆమె. "నా మొగుడు ఎలాంటివాడో నాకు తెలీదా? మీరు చెప్తే తెలుసుకోవాలా? నేను మీ ఆఫీసుకొచ్చింది నా కోసం కాదు. వాళ్ళకి చెప్పండి." ఎదురిల్లు చూపించింది.

ఎదురింటి పెద్దమ్మ గుమ్మంలో చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. చేటలో ఏమీ లేదు. మేస్త్రీ భార్య వీధి దాటి రావడం చూసి మొహం పక్కకి తిప్పుకుంది. వెనక ఇద్దరు ఆఫీసు మనుషులు కనపడేసరికి మళ్ళీ తిప్పింది.

మాస్టారు మొదలుపెట్టారు. ఏటవాలు చూపు, స్థానం, సవరణ అంటూ ఆఫీసు మాటలు అడ్డం పడ్డాయి. ఇన్నేళ్ళుగా ఎంతమందికో విడమరిచి చెప్పిన మనిషి అక్కడ తడబడ్డారు.

"నాకేం అర్థం కాలేదు నాయనా," అంది పెద్దమ్మ. "తిన్నగా చెప్పు."

"వాన వస్తోందని మీ అబ్బాయి ఉన్నచోటికి కబురు పంపాల్సింది నేనమ్మా. పక్కచోటికి పంపాను. మీ అబ్బాయి దగ్గరికి రాలేదు. మేస్త్రీ దగ్గరికీ రాలేదు."

"టీవీలో వచ్చిందన్నారుగా?"

"తప్పు చెప్పారు."

"సంచిలో ఏదీ మోగలేదా?"

"లేదమ్మా."

"అన్ని ఫోన్లున్నాయి. ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

పెద్దమ్మ చేట పక్కన పెట్టింది. వీధిలో ఎవరో సైకిలు దిగి నిలబడ్డారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు పట్టుకోవడం ఆపారు.

"మరి నేను వాణ్ణి తిట్టానే," అంది పెద్దమ్మ. "పొద్దున లేస్తూనే తిట్టాను. కళ్ళు మూసుకునే ముందు తిట్టాను. చచ్చినవాణ్ణి తిట్టకూడదంటారు, అయినా తిట్టాను. తిడుతుంటే కాస్త ఊపిరాడేది. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోను?"

"నన్ను తిట్టండమ్మా," అన్నారు మాస్టారు.

పెద్దమ్మ ఆయన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. నలిగిన చొక్కా, మెడలో ఐడీ కార్డు, భుజాన టిఫిన్ డబ్బా సంచి.

"నువ్వెవరో నాకు తెలీదు నాయనా. తెలియనివాణ్ణి ఏమని తిట్టను? వాడు నా చేతి కూడు తిన్నాడు. అందుకని తిట్టాను."

మాస్టారు మొహం చూడలేక మార్కులమ్మ, "ఆయనొక్కరిదే కాదండీ, నాది కూడా..." అని ఏదో అనబోయింది. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "అదంతా మీరూ మీరూ పంచుకోండమ్మా," అంది.

గుమ్మం పట్టుకుని లేచింది. మోకాలు పట్టేసినట్టుంది, ఒక్క క్షణం ఆగింది. మేస్త్రీ భార్య కదలకుండా నిలబడి ఉంది, దగ్గరికి రాలేదు, ఆసరా ఇవ్వలేదు. పెద్దమ్మే రెండు మెట్లూ దిగి వెళ్ళి ఎదురుగా నిలబడింది. వంగి, ఆమె ముంజేతి మీద ఎండిన సిమెంటు పొట్టుని గోటితో గీకింది.

"తిన్నావా?" అంది చివరికి.

"లేదు పెద్దమ్మా."

"నేనూ లేదు."

అప్పుడు ఏడ్చింది మేస్త్రీ భార్య. అన్ని ఆఫీసుల్లోనూ తిన్నగా కూర్చున్న మనిషి వీధి మధ్యలో నోరు తెరిచి పసిపిల్లలా ఏడ్చింది. పెద్దమ్మ ఆమెని ఊరుకోబెట్టలేదు. మణికట్టు గట్టిగా పట్టుకుని, ఏడుపు సన్నగిల్లేదాకా అలాగే నిలబడింది. మార్కులమ్మ గోడవైపు తిరిగింది.

"ఇంకా రెండిళ్ళున్నాయి," అంది పెద్దమ్మ మాస్టారుతో. "మీ అంతట మీరు వెళ్తే తలుపులు కూడా తియ్యరు. ఆఫీసువాళ్ళు నిన్న ఒకటన్నారు, ఇవాళ ఇంకోటంటారు, ఎవరు నమ్ముతారు? ఆ ఇళ్ళలో వాణ్ణి తిట్టించింది నేనే. నేనే చెప్పాలి. పదండి."

ఆమె ముందు నడిచింది, మేస్త్రీ భార్య చెయ్యి వదలకుండా. వెనక వీళ్ళిద్దరూ. కుళాయి దగ్గర ఆడవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. మూడో ఇంటి తలుపు మూసి ఉంది. పెద్దమ్మ అరచేత్తో దబదబా బాదింది.

"తలుపు తియ్యవే," అని కేకేసింది. "మేస్త్రీకి ఏ కబురూ రాలేదంట. వాడు దాచలేదంట. తలుపు తియ్యి."

లోపల ఎవరో మంచం మీద నుంచి లేస్తున్న చప్పుడైంది. మాస్టారు మళ్ళీ మొదట్నించి చెప్పడానికి గొంతు సర్దుకున్నారు.